నీడో డబ్బాలో జెట్లు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజీకి వచ్చే బండ్లలో పదింటికి తొమ్మిది స్కానర్ పెడితే రోగం చెప్పేస్తాయి. పదోది హాజీ గారి హైలక్స్. ఎనభైల నాటి పికప్, 22ఆర్ ఇంజన్, 2,366 సీసీ. ధైద్ దగ్గరి తోట నుంచి కల్బా దాకా గొర్రెలను ఎక్కించుకుని తిరుగుతాడాయన. కొడుకులు కొత్త ల్యాండ్ క్రూజర్లలో తిరుగుతున్నా ఈయన దాన్ని మాత్రం వదలడు. అది గేటు దాటిందంటే ఫోర్‌మన్ నన్ను కేకేస్తాడు. మా పోరగాళ్ళకు దానిలో స్కానర్ గుచ్చే చోటే దొరకదు మరి.

నేను పని నేర్చింది జగిత్యాలలో, అంబాసిడర్ల మీద. హాజీ బండిలో లాగే వాటిలోనూ పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటరే. దాన్ని మేం కార్బేటర్ అనేవాళ్ళం. ఇరవై ఏళ్ళ కింద ఇక్కడికొచ్చినప్పుడు ఆ విద్య ఇంక మూట కట్టి అటక మీద పెట్టినట్టే అనుకున్నా.

ఈసారి బండి స్లోలో, అంటే కాలు తీస్తే, నిలవడం లేదు. కార్బొరేటర్‌లో గాలి రెక్కను తిప్పే త్రాటిల్ షాఫ్టు పట్టుకుని ఊపితే లొడలొడమంటోంది. షాఫ్టు పక్కన క్లీనర్ కొట్టగానే ఇంజన్ గొంతు మారింది. గాలి అక్కడినుంచే లాగుతోంది. అచ్చం ఇలాగే కనిపించే కొత్త కాపీ కార్బొరేటర్లు బజార్లో ఉన్నాయి, చవకే. నాకెందుకో వాటి మీద గురి కుదరలేదు. షాఫ్టు బిగువుగా ఉన్న అసలు ఐసాన్ కంపెనీ బాడీ దొరికితే పాతదైనా నా ఓటు దానికే.

సికరాబ్ (పాత బండ్ల స్క్రాప్) దుకాణాల్లో కార్బొరేటర్లు కుప్పపోసి ఉంటాయి. ఏది ఎత్తినా "టయోటా కా హై భాయ్, లగ్ జాయేగా" అంటారు. టయోటా కార్బొరేటర్ నంబరు 21100తో మొదలవుతుంది. ఆ వెనక 35 వస్తే ఆర్ ఇంజన్లది, 61 వస్తే పాత ల్యాండ్ క్రూజర్ల ఎఫ్ ఇంజన్లది. కానీ ఆ నంబరున్న రేకు ఊడిపోయి ఎన్నేళ్ళవుతుందో! ఉన్నా, పైమూత ఒకదానిది, అడుగు ఇంకోదానిది కలిపి అమ్మేవాళ్ళున్నారు. అందుకే పాతదాన్ని సంచీలో వేసుకుని వెళ్తా. రెండింటి అడుగులూ ఎదురెదురుగా ఆనిస్తే బోల్టు రంధ్రాలు, గాలి పోయే చిన్న బ్యారెల్, పెద్ద బ్యారెల్ కలిశాయో లేదో అక్కడే తేలిపోతుంది. పెట్రోలు వెనక్కి పోయే గొట్టం ఉందా? చోక్ కేబులుదా, కరెంటుదా? ఇక్కడ ఇంకోటి కూడా చూడాలి, ఏసీ వేయగానే స్లో పెంచే డయాఫ్రం, అంటే గాలి లాగితే కదిలే పొర. చలిదేశపు బండి నుంచి వచ్చినదానికి అది ఉండకపోవచ్చు. ఆగస్టులో సిగ్నల్ దగ్గర ఏసీతో ఆగితే ఇంజన్ నోరు మూసుకుంటుంది.

ఇవన్నీ చూసి 150 దిర్హాములకు బేరం చేసి తెచ్చా. స్లో గడియారంలా నిలిచింది. హాజీ సలాం చెప్పి వెళ్ళాడు. మూడోరోజు మళ్ళీ దిగాడు. కల్బా రోడ్డు ఎక్కుడులో బండి ఎద్దుబండి అయిపోతోందట. గట్టిగా తొక్కినప్పుడు తెరుచుకోవాల్సిన పెద్ద బ్యారెల్ తెరుచుకోవడమే లేదు. దాన్ని లాగే వాక్యూమ్ డయాఫ్రం చినిగిపోయి ఉంది. తప్పు నాదే, తొందరపడ్డా. 150 నా జీతంలోంచి పోయింది.

రెండోసారి దుకాణంలోనే చూశా. స్క్రూలు విప్పి డయాఫ్రం బయటికి తీసి, కడ్డీని లోపలికి నెట్టి, గాలి రంధ్రాన్ని బొటనవేలితో మూసి, కడ్డీ వదిలేశా. కడ్డీ అలాగే ఆగింది. వేలు తీయగానే టుక్కుమని బయటికొచ్చింది. "సహీ హై" అన్నా. పఠాన్ భాయ్ నవ్వాడు: "డాక్టర్ సాబ్, నబ్జ్ దేఖ్ రహే హో?" (నాడి చూస్తున్నావా?) పెట్రోలు ఆపే సోలెనాయిడ్‌కు బ్యాటరీ తీగ తాకించా, టిక్కుమంది.

గ్యారేజీలో పూర్తిగా విప్పేశా. ఎడారి దుమ్ము పెట్రోలు జిగటలో కలిసి, పెట్రోలు నిలిచే గిన్నె అడుగున గోధుమరంగు మడ్డిలా పేరుకుంది. కొత్తగా చేరిన నిజామాబాద్ పోరడు జెట్‌లోకి ఇనుప తీగ దూర్చబోయాడు. చెయ్యి మీద ఒకటేశా. ఇత్తడి జెట్ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు లెక్క తప్పుతుంది. "మరి దేంతోటి తీయాలె అన్నా?" పొరకలోంచి ఒక పుల్ల తెంపి ఇచ్చా. మా ఉస్తాద్ నాకిచ్చింది కూడా పొరకపుల్లే.

నీడిల్, పంపు రబ్బరు, గాస్కెట్లు కొత్తవి వేశాం. అడుగున ఉండే నల్ల ఇన్సులేటర్ దిమ్మెను మాత్రం కడిగి మళ్ళీ అదే పెట్టా. అది లేకపోతే ఎండలో బండి ఆపిన పది నిమిషాలకే గిన్నెలో పెట్రోలు మరిగి, తిరిగి స్టార్ట్ చేయడానికి చుక్కలు కనబడతాయి. ఇంజన్ తిప్పి కార్బొరేటర్ ముందున్న గాజు కిటికీలోకి టార్చి వేస్తే పెట్రోలు సగానికి ఆగి ఉంది. ఇంక గాలి స్క్రూ చెవితో పెట్టుకోవాల్సిందే.

హాజీ ఈసారి నన్నూ ఎక్కించుకుని రోడ్డెక్కాడు. ఎక్కుడులో మూడో గేరులో గట్టిగా తొక్కితే పెద్ద బ్యారెల్ తెరుచుకుని బండి గుర్రుమంటూ లాగింది. ఆయన ఏమీ అనలేదు. దిగేటప్పుడు వెనక నుంచి ఒక ఖర్జూరాల డబ్బా తీసి చేతిలో పెట్టాడు.

లొడలొడ షాఫ్టుదాన్నీ, చినిగిన డయాఫ్రందాన్నీ పారేయలేదు. వాటి జెట్లు, స్ప్రింగులు, స్క్రూలు విప్పి క్యాంపులో నా మంచం కింద నీడో పాలపొడి డబ్బాలో దాచా. రూంలో పెట్రోలు వాసనని కరీంనగర్ మామ రోజూ తిడుతున్నాడు. నిన్న మూతకు రెండు చుట్లు టేపు వేశా.