7 నుంచి 9.5 పీఎస్ఐకి ఆరు నెలలు

నా కారుకి టర్బో కంపెనీ నుంచే వచ్చింది. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, పాత కారు, వారంటీ ఎప్పుడో అయిపోయింది. కంపెనీ పెట్టిన బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) 7 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 7 పౌండ్లు, దాదాపు అర బార్. దాన్ని సొంత చేతులతో 12కి తీసుకెళ్లాలని మొదలుపెట్టాను. ఒక ఆదివారం పని అనుకున్నాను. ఆరు నెలలు పట్టింది, ఆగింది 9.5 దగ్గర.

ఎందుకు సులువనుకున్నానో ముందు చెప్పాలి. ఇంజన్ నుంచి వచ్చే వేడి పొగ టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అవతల ఉన్న చక్రం గాలిని ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ వెళ్తే పొగ ఎక్కువ వస్తుంది, పొగ ఎక్కువైతే గాలి ఇంకా ఎక్కువ వెళ్తుంది. అడ్డుకట్ట లేకపోతే ఇది పెరుగుతూనే పోతుంది. ఆ అడ్డుకట్టే వేస్ట్‌గేట్. పొగ దారిలో ఉండే చిన్న తలుపు అది. దాన్ని తెరిచేది యాక్చుయేటర్ అనే గుండ్రటి డబ్బా. డబ్బాలో ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు ఉంటాయి. టర్బో నుంచి ఒక సన్నటి గొట్టం డబ్బాకి బూస్ట్ గాలిని అందిస్తుంది. 7 పీఎస్ఐ రాగానే స్ప్రింగు ఓడిపోతుంది, కడ్డీ కదులుతుంది, తలుపు తెరుచుకుని మిగిలిన పొగ పక్కదారి పడుతుంది.

కాబట్టి బూస్ట్ పెంచడమంటే ఆ డబ్బాకి అబద్ధం చెప్పడమే. 10 వచ్చినా 7 మాత్రమే వచ్చిందని దాన్ని నమ్మించాలి. గొట్టంలో గాలిని కొంచెం బయటికి వదిలితే చాలు, అబద్ధం తయారు. కొత్త కార్లలో ఈ ఆట సాగదు. బూస్ట్‌ని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) తానే లెక్కపెట్టుకుని నడుపుతుంది, తేడా కనబడగానే ఇంజన్ లైటు వెలిగించి పవర్ తగ్గించేస్తుంది. నాది పాతది కాబట్టి నమ్మింది.

అబద్ధం మొదలుపెట్టేముందు నిజం తెలుసుకుందామని బూస్ట్ మీటర్ కొన్నాను. ఇంజన్ మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకి పంచే భాగం) నుంచి వచ్చే గొట్టానికి టీ ముక్క పెట్టి, ఒక పాయని డాష్‌బోర్డు దాకా లాగాను. మూడో గేర్‌లో పూర్తిగా తొక్కి చూస్తే ముల్లు 5 దగ్గర నిలబడింది. మీటర్ పాడైందనుకుని టైర్ల గేజీతో సరిచూశాను. మీటర్ బాగానే ఉంది. నా కారే ఇన్నాళ్లూ 5తో తిరుగుతోంది!

ఎక్కడో లీక్ ఉందన్నమాట. దాన్ని పట్టుకోవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. టర్బో నోటికి సరిపోయే పీవీసీ మూత తీసుకుని, దానికి చిల్లు పెట్టి ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ బిగించాను. ఎయిర్ ఫిల్టర్ వైపు గొట్టం తీసేసి ఆ మూతని క్లాంపుతో గట్టిగా కట్టి, టైర్లకి గాలి కొట్టే పంపుతో మెల్లగా 10 పీఎస్ఐ దాకా ఎక్కించాను. తొందరపడకూడదు. నేను మొదటిసారి గబగబా ఎక్కిస్తే గాలి కొంత క్రాంక్‌కేస్‌లోకి (ఇంజన్ అడుగు భాగంలోకి) పోయి ఆయిల్ కడ్డీ టప్పున పైకి లేచింది. తర్వాత సబ్బు నీళ్లు చల్లుకుంటూ పోతే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) కింది గొట్టం దగ్గర నురగ పొంగింది. క్లాంపు అంచు కోసుకుపోయి రబ్బరు చీలింది. పైనుంచి చూస్తే కనబడదు. ఇంకో సన్నటి వాక్యూమ్ గొట్టం కూడా పగిలింది.

రెండూ మార్చాక బూస్ట్ 7కి వచ్చింది. సంవత్సరంగా మైలేజీ ఎందుకు పడిపోయిందో, సైలెన్సర్ మూతికి మసి ఎందుకు పడుతోందో కూడా అప్పుడే తేలింది. నా కారులో లోపలికి వచ్చే గాలిని సెన్సార్ ముందే కొలుస్తుంది. కొలిచిన గాలి మధ్యలో లీకైపోతుంటే ఈసీయూ మాత్రం లేని గాలికి కూడా పెట్రోల్ పోస్తోంది. నిజం చెప్పాలంటే ఆరు నెలల్లో నాకు బాగా తెలిసిన తేడా ఇదే, 5 నుంచి 7. పక్కన కూర్చున్న స్నేహితుడు "ఏంట్రా, పెంచేశావా?" అని అడిగాడు. ఇంకా ఏమీ పెంచలేదు.

ఇక అసలు పని. దానికి ముందు కంప్రెషన్ (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో) చూశాను, నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా ఉన్నాయి. అది సరిగా లేకపోతే అక్కడితో మానేసేవాణ్ణి.

మొదటి ప్రయోగం చేపల తొట్టిలో గాలి గొట్టానికి వాడే చిన్న వాల్వ్. యాక్చుయేటర్ గొట్టంలో టీ ముక్క పెట్టి, మూడో కాలికి ఈ వాల్వ్ తగిలించాను. కొంచెం తెరిస్తే గాలి కారిపోతుంది, డబ్బాకి తక్కువ ఒత్తిడి అందుతుంది. పావు తిప్పు తిప్పితే 8.5 వచ్చింది. ఆనందం రెండు రోజులే. ఉదయం ఒక లెక్క, మధ్యాహ్నం ఇంకో లెక్క. పైగా ఈ పద్ధతిలో తలుపు ముందునుంచే కొంచెం కొంచెం తెరుచుకుంటూ ఉంటుంది, అందుకే బూస్ట్ బద్ధకంగా ఎక్కుతుంది.

రెండోది గోళీ, స్ప్రింగు పద్ధతి. ఇత్తడి ఫిటింగులో ఒక బేరింగ్ గోళీ, దాని వెనక బాల్‌పెన్ స్ప్రింగు, దాన్ని నొక్కడానికి ఒక స్క్రూ, స్క్రూ కదలకుండా లాక్ నట్టు. స్ప్రింగుని గెలిచేంత ఒత్తిడి వచ్చేదాకా గోళీ దారి వదలదు. అప్పటిదాకా డబ్బాకి బూస్ట్ వచ్చిన సంగతే తెలియదు, తలుపు గట్టిగా మూసుకుని ఉంటుంది, టర్బో త్వరగా లేస్తుంది. నేను తయారుచేసిన మొదటిది ఒకే ఒక్కసారి బాగా పనిచేసింది. గేరు మార్చాక రెండోసారి తొక్కితే కారు లేవదు. బుర్ర బద్దలుకొట్టుకుంటే తేలిందేమిటంటే, గోళీ మూసుకున్నాక అవతలి గొట్టంలో గాలి చిక్కుకుపోయి, వేస్ట్‌గేట్ తెరిచే ఉండిపోతోంది. గోళీకి, యాక్చుయేటర్‌కి మధ్య 1 మిల్లీమీటర్ చిల్లు పెట్టాక సరిపోయింది. ఇలాంటివి బజారులో తయారుగా దొరుకుతాయి. మళ్లీ చేయాల్సొస్తే కొనుక్కుంటాను.

9 దాటగానే ఇంజన్ తడబడటం మొదలైంది. ఇది చిన్న సమస్యే. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగితే స్పార్క్ దూకడానికి కష్టపడుతుంది. ప్లగ్గు సందు 1.1 నుంచి 0.8 మిల్లీమీటర్లకి తగ్గించి, వేడి త్వరగా వదిలే ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు వేశాను. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగే కొద్దీ చల్లటివి, కొన్ని ఇతర బ్రాండ్లలో ఇది తిరగబడుతుంది. కొనేటప్పుడు చూసుకోవాలి.

ఆ వారంలోనే ఆ సంఘటన జరిగింది. ఖాళీ రోడ్డు, ఎత్తు ఎక్కుతున్నాను, మూడో గేరు. ముల్లు 9 దగ్గర ఆగాలి. ఆగలేదు. 11, 13, 15... ఒక్కసారిగా ఎవరో ముందు గోడ కట్టినట్టు కారు కుదిపి ఆగినంత పనైంది. సీటు బెల్టు ఛాతీకి కోసుకుంది. యాక్సిలరేటర్ వదిలేసి పక్కకి ఆపాను. చేతులు వణుకుతున్నాయి. ఇంజన్ మాత్రం ఏమీ జరగనట్టు ఐడిల్ మీద నడుస్తోంది.

బానెట్ ఎత్తితే యాక్చుయేటర్ ముక్కు నుంచి గొట్టం ఊడి వేలాడుతోంది. దొరికిందే చాలని కొంచెం వదులుగా ఉన్న మామూలు రబ్బరు గొట్టం తొడిగాను, క్లాంపు వేయలేదు. టర్బో పక్కనే ఉన్న వేడికి అది గట్టిపడి జారిపోయింది. గొట్టం ఊడితే డబ్బాకి ఒత్తిడి సున్నా, ఇక తలుపు తెరిచేవాడే లేడు. గాలి లెక్క హద్దు దాటిందని ఈసీయూ పెట్రోల్ ఆపేసింది, ఆ కుదుపు అదే. చాలామంది ఈ ఫ్యూయల్ కట్‌ని అడ్డంకి అనుకుని సెన్సార్‌ని మోసం చేసే పరికరాలు పెట్టి దాటేస్తారు. నేనూ ఒకటి కొనాలని చూసిపెట్టుకున్నాను. ఆ రోజు అది నా కారులో ఉండి ఉంటే పిస్టన్లు కరిగేవి. ఇంటికి రాగానే సన్న గొట్టాలన్నీ పీకి, బిగుతైన సిలికాన్ గొట్టాలు వేసి ప్రతి చివరా స్ప్రింగ్ క్లాంపు పెట్టాను. స్క్రూని మళ్లీ మొదటికి తిప్పి రెండు వారాలు దాని జోలికి పోలేదు.

ఆ రెండు వారాల్లో చదివింది పనికొచ్చింది. బూస్ట్ మీటర్ చెప్పేది గాలి సంగతే. ఆ గాలికి తగ్గ పెట్రోల్ పడుతోందో లేదో అది చెప్పదు. మామూలుగా పెట్రోల్ పూర్తిగా మండడానికి ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి కావాలి, బూస్ట్ మీద మాత్రం ఆ గాలి 11.5, 12 దగ్గరే ఉండాలి. ఎక్కువ పడ్డ పెట్రోల్ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. కారుతో వచ్చిన ఆక్సిజన్ సెన్సార్ 14.7కి అటా ఇటా అన్నది తప్ప ఇంకేమీ చెప్పలేదు. గాలి, పెట్రోల్ పాళ్లని అంకెల్లో చూపే వైడ్‌బ్యాండ్ సెన్సార్ కావాలి. సైలెన్సర్ గొట్టానికి చిల్లు పెట్టి నట్టు వెల్డింగ్ చేయించి దాన్ని బిగించాను. ఈ ఒక్క పని నా చేత్తో చేయలేదు, నాకు వెల్డింగ్ రాదు.

9.5 దగ్గర వైడ్‌బ్యాండ్ 12.8 చూపించింది. పెట్రోల్ చాలడం లేదు. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేయాలేమోనని జేబు తడుముకున్నాను. ముందు పెట్రోల్ ఒత్తిడి కొలుద్దామనిపించింది. బూస్ట్ ఎంత పెరిగితే ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే గొట్టంలో ఒత్తిడి అంతే పెరగాలి, లేకపోతే ఇంజెక్టర్ ఆ గాలికి ఎదురు చిమ్మలేదు. నా కారులో మూల ఒత్తిడి 43.5 పీఎస్ఐ, బూస్ట్ 9.5 కలిపితే 53 రావాలి. గేజీని అద్దం బయట వైపరు కింద కట్టి చూశాను (పెట్రోల్ గొట్టాన్ని కారు లోపలికి ఎప్పుడూ తేకూడదు). ముల్లు 47 దగ్గర జారిపోతోంది. కారణం పెట్రోల్ ఫిల్టర్. ఎన్నేళ్లుగా మార్చలేదో నాకే తెలియదు. కొత్తది వేస్తే 53 వచ్చింది, వైడ్‌బ్యాండ్ 11.6కి దిగింది. ఇంజెక్టర్ల డబ్బు మిగిలింది.

మిగిలింది నాకింగ్. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుని లెక్కేస్తే 30 డిగ్రీల గాలి 7 పీఎస్ఐకి 80 డిగ్రీల దాకా, 10కి 100 దాకా పోతుంది. ఇంటర్‌కూలర్ కొంత తగ్గిస్తుంది కానీ మొత్తం కాదు. ఆ వేడికి, ఒత్తిడికి మంట చేరకముందే మూలన ఉన్న మిశ్రమం తనంతట తానే పేలుతుంది, అదే నాకింగ్. ఈ తలనొప్పి కొత్తది కాదు. 1962లో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ కారుకి టర్బో పెట్టినప్పుడు నాకింగ్ ఆపడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజన్‌లోకి చల్లే ఏర్పాటు చేశారు. ఆ ట్యాంకు నింపడం యజమానులు మరిచిపోయేవారట. మనుషులు మారలేదు.

నాకింగ్ వినడానికి రాగి గొట్టం చివర చదును చేసి, చిల్లు పెట్టి, ఇంజన్ బ్లాకుకి బోల్టుతో బిగించాను. రెండో చివర నుంచి రబ్బరు గొట్టం లాగి శబ్దం ఆపే ఇయర్‌మఫ్‌లోకి దూర్చాను. స్నేహితుడు అది పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. నడిపేవాడు రోడ్డు చూడాలి, వినేవాడు వేరే ఉండాలి. స్క్రూని పావు తిప్పు చొప్పున తిప్పుతూ వెళ్లాం. 10 దాకా మామూలు గరగర. 11 దగ్గర, 3,500 ఆర్‌పీఎం చుట్టూ, వాడు చెయ్యెత్తాడు. "డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుందిరా" అన్నాడు. ఇయర్‌మఫ్ లేని నాకు ఏమీ వినపడలేదు, కారు అప్పటికి ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది.

స్పార్క్ టైమింగ్ వెనక్కి జరిపితే ఇంకొంచెం పోవచ్చు. కానీ టైమింగ్ నా ఈసీయూ చేతిలో ఉంది, దాన్ని మార్చడం స్క్రూ తిప్పే పని కాదు, ఆ విద్య నాకు రాదు. నాకింగ్‌ని తట్టుకునే ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోసి 11లో తిరగొచ్చు, ఒక్క రోజు అది దొరక్కపోతే? కాబట్టి మామూలుగా పోసే పెట్రోల్‌తో, ఎండ మండే రోజున, ఇంజన్ బాగా కాగి ఉన్నప్పుడు కూడా గులకరాళ్లు వినపడని చోటు వెతికాను. అది 9.5.

స్నేహితుడు మాత్రం కలిసినప్పుడల్లా "12 ఎప్పుడురా?" అంటాడు. లాక్ నట్టు బిగించి, నట్టు నుంచి ఫిటింగు మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక ఎర్ర గీత గీశాను. నట్టు కదిలితే గీత తప్పుతుంది. నెలకోసారి బానెట్ ఎత్తి ఆ గీత చూస్తాను, యాక్చుయేటర్ ముక్కు మీది గొట్టాన్ని రెండు వేళ్లతో ఒకసారి లాగి చూస్తాను.