కోట్స్‌లో ఉన్న ఫాల్స్

పోయిన నెల ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్. "అన్నా, టెస్ట్ సర్వర్ నుంచి కస్టమర్లకి నిజంగానే ఎస్సెమ్మెస్‌లు పోతున్నాయి" అని మా టీమ్ కుర్రాడు. గబగబా లేచి కాన్ఫిగ్ ఫైల్ తెరిచాను. ఎస్సెమ్మెస్ పంపాలా అన్న సెట్టింగ్ ఎదురుగా శుభ్రంగా ఫాల్స్ అనే ఉంది. రాసింది నేనే. మరి ఎందుకు పోతున్నట్టు?

ముందు సర్వీస్ ఆపేసి తర్వాత కోడ్ చూస్తే, తప్పంతా ఒకే ఒక్క లైనులో ఉంది. కాన్ఫిగ్‌లో రాసింది ప్రోగ్రామ్‌కి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, అంటే బయటినుంచి అందే సెట్టింగ్‌గా వస్తుంది. దాన్ని వచ్చినట్టే బూల్‌కి, అంటే ట్రూనా ఫాల్సా తేల్చే ఫంక్షన్‌కి ఇచ్చేశాను. ఆ వేరియబుల్స్ ఎప్పుడూ స్ట్రింగ్‌లుగానే, అంటే వట్టి అక్షరాల వరసగానే వస్తాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో బూల్ అనేది స్ట్రింగ్‌లో ఏం రాసుందో చదవదు, అది ఖాళీగా ఉందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. ఖాళీ అయితే ఫాల్స్. లోపల ఏదున్నా, ఆఖరికి ఒక్క స్పేస్ ఉన్నా, ట్రూ. ఫాల్స్ అన్న మాటకి ఇంగ్లీషులో ఐదు అక్షరాలు, కాబట్టి ట్రూ! కోట్స్‌లో ఉన్న సున్నా కూడా ట్రూనే. కమాండ్ లైన్‌లో ఇచ్చే ఆప్షన్లు చదివే ఆర్గ్‌పార్స్‌లో టైప్ దగ్గర బూల్ అని ఇచ్చినవాళ్లు కూడా ఇదే గోతిలో పడతారు.

అంకెల దగ్గర పైథాన్ ఇంత ఉదారంగా ఉండదు. స్ట్రింగ్‌ని పూర్ణాంకంగా మార్చే ఇంట్‌కి 12.5 అన్న స్ట్రింగ్ ఇస్తే ఎర్రర్, కామా కనిపించినా ఎర్రర్. నాకైతే అలా మొహం మీదే చెప్పేయడమే ఇష్టం. ఎందుకంటే జావాస్క్రిప్ట్ భాషలో ఇలాంటి పనే చేసే పార్స్‌ఇంట్‌కి మనవాళ్లు రాసే పద్ధతిలో 1,25,000 అని ఇచ్చి చూడండి, మొదటి కామా దగ్గర ఆగిపోయి 1 అంటుంది. లక్షా పాతిక వేలు కాస్తా ఒక్క రూపాయి, ఎర్రర్ మాత్రం ఎక్కడా రాదు. పోనీ నంబర్ అన్న ఇంకో ఫంక్షన్ వాడదామా అంటే కామాలున్నదానికి నాన్ (NaN, అంటే అంకె కాదు) అని సరిగ్గానే చెబుతుంది గానీ, ఖాళీ స్ట్రింగ్ ఇస్తే సున్నా అంటుంది, అంటే ఫారంలో ఎవరో నింపకుండా వదిలేసిన గడి సున్నా రూపాయలైపోతుంది.

అలాగని పైథాన్‌లోనూ అంతా బాగుందని కాదు. దశాంశాలున్న అంకెలు చదివే ఫ్లోట్‌కి నాన్ అన్న మూడక్షరాల ఇంగ్లీషు మాట ఇస్తే హాయిగా తీసుకుంటుంది. ఆ తర్వాత అది యాభై వేల కన్నా ఎక్కువా అని అడిగితే కాదంటుంది, మీరు పెట్టిన లిమిట్ చెక్‌ని అది తప్పించుకున్నట్టే. ఇంకో తమాషా, పైథాన్ ఇంట్‌కి ౧౨౫ అని మన తెలుగు అంకెలు ఇస్తే 125 అని తిరిగిస్తుంది, బళ్లో పిల్లలకే సరిగా రాని అంకెలు దానికి వచ్చు. జావాస్క్రిప్ట్‌కి రావు.

సరే, బూలియన్ సంగతికొస్తే, ఇంతకుముందు పైథాన్‌తో పాటే డిస్ట్‌యుటిల్స్ అన్న లైబ్రరీలో స్ట్ర్‌టుబూల్ అని ఒక ఫంక్షన్ వచ్చేది, యస్, నో, ఆన్, ఆఫ్ అన్నీ చదివేది. 2023లో వచ్చిన పైథాన్ 3.12లో డిస్ట్‌యుటిల్స్‌నే ఎత్తేశారు. అందుకని ఆ రాత్రే సొంతంగా ఏడెనిమిది లైన్లు రాసుకున్నాను: అటూ ఇటూ ఉన్న స్పేస్‌లు తీసేసి, చిన్న అక్షరాల్లోకి మార్చి, ఒప్పుకునే మాటల్లో ఉంటే ట్రూ, వద్దనే మాటల్లో ఉంటే ఫాల్స్, రెండింట్లోనూ లేకపోతే సెట్టింగ్ పేరు చెప్పి ఎర్రర్. ఈ చివరి ముక్క మానేసి జావా భాషలోని పార్స్‌బూలియన్‌లా ట్రూ కానిదంతా ఫాల్స్ అనేయొచ్చు గానీ, అప్పుడు యస్ అని రాసినా ఫాల్సే అవుతుంది, అదీ చడీచప్పుడు లేకుండా. అన్ని సెట్టింగ్‌లనూ యాప్ స్టార్ట్ అయ్యేటప్పుడే చదివేలా పెట్టాను, ఏదైనా తప్పుంటే పగలే తెలుస్తుంది కదా అని.

మర్నాడు డిప్లాయ్ చేస్తే యాప్ అసలు లేవలేదు. రోజువారీ రిపోర్ట్ పంపాలా అన్న సెట్టింగ్ ఎదురుగా ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో "వద్దు" అని రాసిపెట్టారు. అన్నాళ్లూ అది ట్రూగా నడిచి రోజూ రిపోర్ట్ పోతూనే ఉంది. ఎవరు రాశారో గిట్‌లో, అంటే కోడ్‌లో ఎవరు ఏం మార్చారో దాచిపెట్టే చోట చూశాను, పేరు చెప్పను గానీ, ఫోన్ చేసింది వాడే.