ఆ ఒక్క పాయింటు

టోక్యో ఒలింపిక్స్ మహిళల తైక్వాండో 49 కిలోల ఫైనల్ మళ్లీ చూశాను. ఫలితం తెలిసినా గుండె దడ తగ్గలేదు. చివరి సెకన్ల దాకా స్పెయిన్ అమ్మాయి అద్రియానా సెరెసోదే 10-9 ఆధిక్యం. అంతలో థాయ్‌లాండ్ క్రీడాకారిణి పానిపాక్ కాలు ఆమె ఛాతీ కవచాన్ని బలంగా తాకింది. రెండు పాయింట్లు, 11-10! తైక్వాండోలో థాయ్‌లాండ్‌కు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. 2024లో పారిస్‌లోనూ పానిపాకే గెలిచింది. అంత ఒత్తిడిలో ఆ నిబ్బరానికి చేతులెత్తి మొక్కాలి.

అయినా నా మనసంతా సెరెసో మీదే. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లే. 2008, 2012 ఒలింపిక్ విజేత వూ జింగ్యును క్వార్టర్ ఫైనల్లో 33-2తో ఓడించి వచ్చింది. నా దృష్టిలో ఆ రజతం ఏ స్వర్ణానికీ తీసిపోదు.