పెట్టె మీది అంకె, బకెట్‌లో పడ్డ నీరు

మార్చి 3. విశాఖ ఎం.వి.పి. కాలనీలోని మా ఫ్లాటు హాల్లో ఉప్పునీటి పగడాల తొట్టి పెట్టి నాలుగు నెలలైంది. పొడవు 90 సెం.మీ., వెడల్పు, ఎత్తు 45. కింది అరలో సంప్ ఉంది. నేల కింద తవ్వించే నీళ్ల సంపు కాదు, వడపోత సామగ్రి ఉండే చిన్న గాజు తొట్టి. మొత్తం నీరు దాదాపు 200 లీటర్లు. సముద్రం నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నా ఆ నీరు తేను. వానలయ్యాక నదుల నీరు కలిసి ఉప్పదనం తగ్గుతుంది, పైగా హార్బరు పొరుగునే ఉంది. ఆర్వో నీటిలో సాంద్రత 1.025 వచ్చేదాకా ఉప్పు కలుపుకుంటాను.

ఇప్పటి తలనొప్పి, సంప్ నుంచి నీటిని పైకి తోసే పంపు. పెట్టె మీద గంటకు 2000 లీటర్లు అని ఉంది. నీరంతా గంటకు నాలుగైదు సార్లు సంప్ గుండా తిరిగితే చాలు, అంటే 800 నుంచి 1000. పగడాలకు కావలసిన అలజడిని వేవ్‌మేకర్లు, అంటే తొట్టిలోనే నీటిని కదిలించే చిన్న పంపులు, చూసుకుంటాయి. ఈ లెక్కన రెట్టింపు రావాలి. మరి నీటి మీది జిడ్డు తెట్టు పైనీటితో పాటు సంప్‌లోకి పొంగి పోవడం లేదెందుకు?

మార్చి 5. తొట్టి అంచు ఎత్తున బకెట్ పెట్టి పైపు అందులోకి తిప్పాను. పది లీటర్లు నిండడానికి 62 సెకన్లు. గంటకు 580 లీటర్లే! పెట్టె మీది అంకె, నీటిని ఎత్తే పని లేనప్పటిది. పక్కనే చిన్న అక్షరాల్లో గరిష్ఠ ఎత్తు 2 మీటర్లు అని ఉంది. ఆ ఎత్తుకు చుక్క కూడా ఎక్కదు. సంప్ నీటి మట్టం నుంచి మా తొట్టి అంచు 1.35 మీటర్లు. కొన్న రోజు నేను చదివింది ధర ఒక్కటే.

మార్చి 9. 16 మి.మీ. గొట్టం తీసేసి 25 మి.మీ. పీవీసీ వేశాను. 90 డిగ్రీల ఎల్బో ఉన్నచోట 45 డిగ్రీలవి రెండు పెట్టాను. అదే పంపు, 51 సెకన్లు, గంటకు 700. ఇంకా చాలదు. పంపు కొనే ముందు పైపు మార్చి చూడవలసింది.

మార్చి 14. కరెంటు పోయింది. సంప్ నీరు తొట్టిలోకి తిరిగొచ్చే పైపు మూతి 12 సెం.మీ. లోతున ఉంది. పంపు ఆగినప్పుడు నీరు ఆ పైపు గుండానే వెనక్కి దిగకుండా, గాలి పీల్చడానికి నేను వేసిన చిన్న రంధ్రాన్ని గులాబీ రంగు సున్నపు నాచు పూడ్చేసింది. ఈ తొట్టిలో ఒక్కో సెంటీమీటరు నాలుగు లీటర్లు. 48 లీటర్లు వెనక్కి దిగాయి, సంప్‌లో ఖాళీ 25. మిగిలింది హాల్లో. కింది ఇంటి పిన్నిగారు పైకి వచ్చి, "సముద్రం మన ఇంటికే వచ్చిందా అమ్మా?" అన్నారు. మూతిని 3 సెం.మీ. లోతుకు ఎత్తి, ప్లగ్గు పీకి మూడుసార్లు పరీక్షించాను. వెనక్కి రానివ్వని వాల్వు కూడా ఉంది కానీ, సున్నం పేరుకుంటే అదీ మూసుకోదు.

మార్చి 22. కొత్త పంపు వచ్చింది. 24 వోల్టుల డీసీ, గంటకు 4000 లీటర్లు, ఎత్తు 3.5 మీటర్లు, సెరామిక్ ఇరుసు. స్టీలుదైతే ఉప్పుకు తుప్పు పడుతుంది. రాగి భాగాలుంటే రొయ్యలకు, పగడాలకు విషమే. వేగం తగ్గించి 37 సెకన్లకు తెచ్చాను, గంటకు 970. మీటరు పెట్టి చూస్తే 18 వాట్లు. పాతది 35 లాగేది. నెలకు పన్నెండు యూనిట్లు మిగలడం సరే, అంత వేడి నీటిలోకి దిగకపోవడమే నాకు ముఖ్యం. ఇక్కడి ఎండల్లో ఫ్యాను పెట్టినా నీరు 29 డిగ్రీలు దాటుతోంది.

ఇన్వర్టర్‌కు మాత్రం దీన్ని తగిలించలేదు, ఒక వేవ్‌మేకర్‌ను తగిలించాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేక మంచినీటి చేపలు ఊపిరాడక చచ్చిపోవడం చూశాను. పై తొట్టిలో నీరు కదిలితే ప్రాణవాయువు అందుతుంది, సంప్ కాసేపు ఆగినా పరవాలేదు.

ఏప్రిల్ 6. తెల్లవారుజామున గరగర చప్పుడు. ఆవిరైన నీటి లోటంతా పంపు ఉన్న అరలోనే కనిపిస్తుంది. మట్టం దిగి గాలి పీల్చింది, తొట్టి నిండా బుడగలు. మూడు లీటర్ల ఆర్వో నీరు పోస్తే సర్దుకుంది. ఉప్పు ఎక్కడికీ పోదు కనుక ఉప్పునీరు పోయకూడదు. అడాప్టరు మీద తెల్లటి ఉప్పుపొర కనిపిస్తే దాన్ని గోడకు ఎత్తుగా బిగించాను. తనంతట తానే నీరు నింపే ఫ్లోటు స్విచ్చి కోసం ఈ ఆదివారం వెళ్లాలి.