బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది

“నీ బొమ్మలు బాగానే ఉన్నాయిరా. వాటిలో మా వాడిలాంటి పిల్లవాడు ఒక్కడైనా ఉన్నాడా?”

అక్క ఆ మాట అనేసి కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను ఇంగ్లండులో ఒక ఆసుపత్రి ఎంఆర్‌ఐ విభాగంలో, అంటే పెద్ద అయస్కాంతంతో శరీరం లోపలి బొమ్మలు తీసే చోట పనిచేస్తాను. సెలవుకు విశాఖ వచ్చి, పెదవాల్తేరులో వాళ్ల డాబా మీద కూర్చుని, మా మేనల్లుడిలా ఆటిజం ఉన్నవాళ్ల మెదడులో మాటల దారులను అక్కడ ఎలా చూస్తారో బావగారికి ఉత్సాహంగా చెబుతున్నాను. ఆ ప్రశ్నతో గొంతులో వెలక్కాయ పడింది.

నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని చూశాడు. ‘టాన్’ అనే శబ్దం తప్ప దాదాపు ఏదీ పలకలేడు, ఎదుటివాళ్లు చెప్పింది మాత్రం చాలావరకు అర్థం చేసుకునేవాడు. చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. మాటను అర్థం చేసుకునే చోటు ఇంకాస్త వెనక ఉందని 1874లో వెర్నికే అనే జర్మన్ వైద్యుడు చూపాడు. ఈ రెండింటినీ కలుపుతూ వంపు తిరిగిన నరాల కట్ట ఒకటుంది, ఆర్కుయేట్ ఫాసిక్యులస్ అంటారు. బతికున్న మనిషిలో దాన్ని నీటి కదలికను బట్టి పట్టుకుంటాం. నీటి అణువులు నరాల పోగుల వెంట సులువుగా, అడ్డంగా కష్టంగా కదులుతాయి. ఆ తేడా చూసి కంప్యూటర్ దారి గీస్తుంది.

చాలామందిలో మాటల పని ఎడమవైపే మొగ్గుతుంది. ఆటిజం ఉన్నవాళ్లలో సగటున ఆ మొగ్గు కొంత తక్కువని, కుడివైపు ఎక్కువ పాలు పంచుకుంటుందని పలు అధ్యయనాలు చూపాయి. ‘సగటున’ అన్నది మరిచిపోకూడదు. ఒక్క పిల్లవాడి స్కాన్ ముందు పెట్టి వీడికి మాటలు వస్తాయా అని అడిగితే ఎవరూ చెప్పలేరు. చెబుతామనే వాళ్లకు దయచేసి డబ్బు కట్టకండి.

అక్క ప్రశ్నకు జవాబు మాత్రం ఇందులో లేదు. స్కానర్‌లో పడుకున్నవాడు ఆ యంత్రం చేసే పెద్ద మోత భరిస్తూ, నిమిషాల తరబడి తల కదపకుండా ఉండాలి. తల కాస్త కదిలినా మెదడులో దూరపు భాగాల మధ్య సంబంధం అసలుకన్నా తక్కువగా, దగ్గరి భాగాల మధ్య ఎక్కువగా కనిపిస్తుందని 2012లో తేలింది. ఆటిజం మెదడు తీరు ఇది అని అంతకుముందు చెప్పుకున్నదీ సరిగ్గా అదే! పాత ఫలితాలను మళ్లీ తూచాల్సి వచ్చింది. కదిలిన స్కాన్లను ఇప్పుడు పక్కన పెట్టేస్తాం. ఇక మిగిలేది చెప్పింది విని కదలకుండా పడుకోగల పిల్లలే, అంటే ఎక్కువగా మాటలు వచ్చినవాళ్లే. ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు 25 నుంచి 30 శాతం మందికి మాటలు బాగా తక్కువ. మాటల దారుల గురించి ఎవరి విషయంలో తెలియాలో, వాళ్లే మా బొమ్మల్లో అరుదు.

అక్కడివాళ్లకూ ఇది తెలుసు. అందుకే పిల్లవాడు రాగానే గొట్టంలోకి పంపరు. అయస్కాంతం లేని ఉత్తుత్తి స్కానర్‌లో, స్పీకర్‌లో ఆ మోతలే వినిపిస్తూ, అలవాటు చేస్తారు. మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు బల్ల మీద రెండు బొమ్మల కార్డులు పెట్టి ఒక్క ప్రశ్న అడుగుతుంది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరుకుంటుంది. పిల్లవాడు గోడ చూస్తాడు, చొక్కా గుండీ తిప్పుతాడు. ఆమె ఊరుకునే ఉంటుంది. నాకు నాలుక దురద. ఒక రోజు అందుకోబోతే నా వైపు చూడకుండానే వేలు పైకెత్తింది. కాసేపటికి వాడి చెయ్యి ఎర్రబంతి కార్డు మీదికి వచ్చింది.

మన ఇళ్లలో అంత నిశ్శబ్దాన్ని ఎవరు భరిస్తారు? అడిగేది అత్త, జవాబిచ్చేది అమ్మమ్మ. పిల్లవాడి వంతు వచ్చేలోపు మాట మారిపోతుంది. అయినా దీన్ని లోటు అనడానికి నాకు మనసొప్పదు. అక్కడ ఆ ఓపికకు గడియారం ఉంది. గంట కాగానే ఆ తల్లి బిడ్డను కారులో కూర్చోబెట్టుకుని ఒక్కతే వెళ్లిపోతుంది. ఇక్కడ మా మేనల్లుడు వీధి చివరిదాకా వెళితే ఇస్త్రీ బండాయన చెయ్యి పట్టుకుని తెచ్చి దింపుతాడు. “ఆయన బండి పెట్టని రోజుల సంగతి నీకేం తెలుసు?” అంటుంది అక్క. దూరాన ఉన్నవాడికి అన్నీ బాగానే కనిపిస్తాయట.

మేనల్లుడికి తొమ్మిదేళ్లు. సొంతంగా మాట కూర్చడం తక్కువ. స్టేషన్ ప్రకటన మాత్రం ఆ గొంతుతో సహా దింపేస్తాడు. “దయచేసి వినండి. బండి సంఖ్య ఒకటి రెండు ఏడు రెండు ఏడు, విశాఖపట్నం నుండి హైదరాబాద్ వెళ్లు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది.” చుట్టాలు మురిసిపోయి మళ్లీ చెప్పమంటారు. వాడు మళ్లీ చెబుతాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా. వాళ్లను వెళ్లమంటున్నాడని ఇంట్లో అక్కకు ఒక్కదానికే తెలుసు.

ఆటిజం గురించి 1943లో 11 మంది పిల్లలతో పేరుపొందిన వ్యాసం రాసిన మానసిక వైద్యుడు లియో కానర్, 1946లో సరిగ్గా ఇలాంటి మాటల మీదే మరొకటి రాశాడు. ఒక పిల్లవాడు గిన్నె చూస్తే చాలు ‘పీటర్ ఈటర్’ అనేవాడు. వాడి తల్లి ఒకప్పుడు ఆ మాటలున్న ఇంగ్లీషు పిల్లల పాట పాడుతూ గిన్నె జారవిడిచింది. వినేవాళ్లకు పొంతన లేని మాట, వాడి అనుభవంలో పొందికైన మాట. ఈ సంగతి అక్కకు గొప్పగా చెప్పాను. “దానికి డాక్టరు కావాలా?” అంది.

నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు బావగారు అసలు విషయం అడిగారు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని బడిలో చెప్పారట, రెండు భాషలైతే వాడు తికమకపడతాడని. అమ్మమ్మకు వచ్చింది తెలుగొక్కటే, మరి ఆవిడ నోరు కట్టుకోవాలా? ఆటిజం ఉండి రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలను ఒక్క భాషలో పెరిగినవాళ్లతో పోల్చిన అధ్యయనాల్లో, రెండో భాష వల్ల మాట ఇంకా వెనకబడిన దాఖలా కనిపించలేదు. “బడివాళ్లకు చూపిస్తాను, కాగితం మీద రాసివ్వు” అన్నారు బావగారు. రాసిచ్చాను. ఇంగ్లీషులోనే రాయాల్సి వచ్చింది, ప్రిన్సిపాల్ గారు తెలుగు కాగితం చదవరట.