పదిహేను బారల లోతులో

1937లో బర్మా జాలర్లకి ఆయే దీవి ఒడ్డున ఒక విమానం చక్రం దొరికింది, దాన్ని విమానానికి కలిపే ఇనుప కాలుతో సహా. టైరులో గాలి ఇంకా అలాగే ఉంది. అది లేడీ సదరన్ క్రాస్‌దేనని ఆ విమానం తయారుచేసిన లాక్‌హీడ్ కంపెనీ తేల్చింది.

1928లో అమెరికా నుంచి ఆస్ట్రేలియాకి పసిఫిక్ మీదుగా మొట్టమొదట ఎగిరివచ్చిన చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ నడిపిన విమానమది. 1935 నవంబరులో ఇంగ్లండ్-ఆస్ట్రేలియా రికార్డు కోసం బయల్దేరి, అలహాబాద్‌లో ఆగి, రాత్రికి రాత్రే సింగపూర్ చేరాలనుకున్నాడు. 8వ తేదీ తెల్లవారుజామున అండమాన్ సముద్రం మీద మాయమయ్యాడు. ఆయనకి 38 ఏళ్లు.

నేను విశాఖలో ముప్ఫై ఏళ్లు ఓడల రిపేరు పని చేశాను. నీళ్లు తోడేసి రిపేరు చేసే డ్రై డాక్‌లోకి ఓడ ఎక్కగానే ముందు చూసేది అడుగునే. నీటిగీత దగ్గర, వెలుతురు పడేచోట, పచ్చటి నాచు. కిందికి వెళ్లేకొద్దీ గుల్లలు. ఓడ ఎక్కడెక్కడ నిలబడిందో, ఎన్నాళ్లు నిలబడిందో ఆ నాచు చూసి మా మేస్త్రి చెప్పేవాడు. అందుకే ఈ కథలో నన్ను పట్టేసింది ఆ కాలుకి అంటుకున్న నాచు. వృక్షశాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించి, విమానం ఆ దీవికి దగ్గర్లోనే, సుమారు పదిహేను బారల లోతులో ఉండాలన్నారు. అంటే 27 మీటర్లు. నాకు సబబుగానే తోస్తోంది. కాలు ముందు విమానంతోపాటు అడుగున ఉండిపోయి, తర్వాత విరిగి, టైరులో గాలి ఉండబట్టి పైకి తేలి ఉంటుంది.

అదే దారిలో వెళ్తున్న మెల్‌రోజ్ అనే కుర్ర పైలట్ ఆ రాత్రి దాని ఇంజిన్ పొగగొట్టాల మంటలు చూశానన్నాడు. చీకట్లో చూసిన చూపు కన్నా నాచునే నేను నమ్ముతాను. 2009లో ఒక డాక్యుమెంటరీ బృందం నీటిలోకి శబ్దం పంపి వెతికే సోనార్‌తో గాలించి, దొరికిందని ప్రకటించింది. ఒక్క ముక్క పైకి తెచ్చి చూపించేదాకా నేను ఒప్పుకోను.

సిడ్నీలో అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడల్లా కింగ్స్‌ఫర్డ్ స్మిత్ పేరున్న ఎయిర్‌పోర్టులోనే దిగుతాను. ఆ విమానంలో ఆయనతోపాటు ఇంకో మనిషి ఉన్నాడు, టామీ పెథీబ్రిడ్జ్. నాలాగే మెకానిక్. ఆ పేరు తలచుకునేవాళ్లు తక్కువ. ఆ ఇనుప కాలు ఇప్పుడు సిడ్నీ పవర్‌హౌస్ మ్యూజియం వాళ్ల దగ్గరుంది. ఈసారి వెళ్తే దగ్గరనుంచి చూడనిస్తారా అని అబ్బాయి చేత ఉత్తరం రాయించాను.