పారుడు వైరస్‌కి వంశవృక్షం గీయబోతే

వైరస్ రెండు రకాల సీక్వెన్సులూ (జన్యువులోని బేసుల వరసలు) నిన్న రాత్రి జెన్‌బ్యాంక్ అనే బహిరంగ డేటాబేస్‌కి ఎక్కించాను. కడుపుమంట చల్లారకముందే రాస్తున్నా.

వైరస్ పీఈడీవీ, పందులకి పారుడు తెచ్చే కరోనా వైరస్. వారం నిండని పందిపిల్లల్ని ఈతకి ఈతగా ఊడ్చేస్తుంది. అమెరికాలో 2013లో బయటపడింది. 2014లో ఒహాయోలో ఎస్-ఇండెల్ అనే రెండో రకం దొరికింది. తేడా అంతా దాదాపుగా ఎస్ జన్యువు (వైరస్ పైనుండే స్పైక్ ముళ్లని తయారుచేసేది) మొదటి 1,170 బేసుల్లోనే ఉంటుంది, మిగతాదంతా ఇంచుమించు ఒకటే.

మలం నుంచి వైరస్ ఆర్‌ఎన్‌ఏ తీయడం, దాన్ని సీడీఎన్‌ఏ అనే డీఎన్‌ఏ నకలుగా చేయడం ఒక పూట పని. సీటీ విలువ (ఇది పెరిగేకొద్దీ వైరస్ తక్కువున్నట్టు) 25 దాటిన నమూనా మీద పెద్ద ముక్కల పీసీఆర్‌కి (డీఎన్‌ఏ ముక్కకి బోలెడు నకళ్లు తీసే పద్ధతి) ఆశపడకండి.

ఎస్ జన్యువు సుమారు 4,160 బేసులు. పాత ప్రోటోకాల్ ప్రకారం ఆరు ముక్కలుగా, 60 బేసుల అతివ్యాప్తితో చేశాను. అతికించి ఆర్‌డీపీ4 అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 720వ బేస్ దగ్గర రీకాంబినేషన్, అంటే రెండు వైరస్‌ల జన్యువులు కలిసిపోయిన గుర్తు! కరోనా వైరస్‌లలో ఇది వింతేమీ కాదు. ఇటలీలో దొరికినదొకటి టీజీఈవీ (పందుల మరో కరోనా వైరస్) ఒంటికి పీఈడీవీ స్పైక్ తొడుక్కున్నదే. మీటింగులో గొప్పగా చూపించాను. "మీ ఒకటో ముక్క ఎక్కడ అయిపోతుంది?" అని టెక్నీషియన్ ఒకావిడ అడిగారు. 745 దగ్గర. నోట మాట రాలేదు.

జరిగిందేమిటంటే, ఖర్చు కలిసొస్తుందని ఒక సీనియర్ ఐదు పిల్లల మలం ఒకే ట్యూబులో కలిపించాడు. అందులో రెండు రకాలూ ఉన్నాయి. ఒకటో ముక్క ప్రైమర్ (పీసీఆర్‌ని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ పోగు) ఎస్-ఇండెల్‌కి బాగా అతుక్కుంది, రెండో ముక్కది 2013 నాటి పాతరకానికి. 60 బేసుల అతుకులో రెంటికీ తేడా లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా కుట్టేసింది. అంటే నేను చూపించింది లోకంలో లేని వైరస్.

క్రొమటోగ్రామ్ (సీక్వెన్సింగ్ యంత్రం ఒక్కో బేస్‌కి ఒక్కో శిఖరంగా గీసే గ్రాఫు) ముందే తెరిచుంటే పరువు దక్కేది. 170వ బేస్ దాకా గీతల కింద అక్కడక్కడా బుడిపెలు, ఆ తర్వాత ప్రతి శిఖరం కిందా ఒకటి. ఎస్-ఇండెల్‌లో అక్కడ 12 బేసులు లేవు, అందుకే కిందున్న పాతరకం వరస తప్పి కనిపిస్తుంది. టెక్స్ట్ ఫైలు మాత్రమే పంపే సీక్వెన్సింగ్ వాళ్లకి డబ్బు కట్టకండి, ఆ గ్రాఫులుండే ఏబీ1 ఫైళ్లు అడిగి తీసుకోండి.

మళ్లీ చేసినప్పుడు ఒక్కో పిల్ల నమూనా విడిగా తీసుకున్నాను. మొదటి 1,400 బేసులూ ఒకే ముక్క, మిగతా అతుకులు 250 బేసులు. హై-ఫిడెలిటీ (నకలులో తప్పులు తక్కువ చేసే) ఎంజైమ్, 30 సైకిళ్లకి మించకుండా, ఎక్స్‌టెన్షన్ సమయం ధారాళంగా. సగంలో ఆగిన పోగు తర్వాతి సైకిల్‌లో ఇంకో రకానికి అతుక్కుంటే పీసీఆరే చైమీరా, అంటే రెండు రకాల అతుకుబొంత, పుట్టిస్తుంది. అనుమానమున్న నమూనాని ప్లాస్మిడ్‌లోకి (బ్యాక్టీరియాలో పెరిగే గుండ్రటి డీఎన్‌ఏ) ఎక్కించి, ఒక్కోదాంట్లో ఒకే ముక్క ఉండే పది బ్యాక్టీరియా కాలనీలు చదివించాను: ఏడు పాతరకం, మూడు ఎస్-ఇండెల్, అతుకుల వైరస్ ఒక్కటీ లేదు.

సీక్వెన్సుల్ని వరసలో పేర్చే మాఫ్ట్, వంశవృక్షం గీసే ఐక్యూ-ట్రీ గంట పని. చెట్టు మాత్రం రెండుసార్లు గీయండి, మొదటి 1,170 బేసులతో ఒకటి, అవి తీసేసి ఒకటి. మొదటిదాంట్లో ఎస్-ఇండెల్ యూరప్‌లో తొలినాళ్లలో దొరికిన సీవీ777 అనే పీఈడీవీ వైపు జరుగుతుంది, రెండోదాంట్లో అమెరికా పాతరకం పక్కనే కూర్చుంటుంది.